రుష్యా విప్లవమును స్మారక విగ్రహములును

ప్రతిమకును దానికి మూలమైన వ్యక్తికిని గల సంబంధమును శాస్త్రదృష్టితోఁ బరిశీలించిన ప్రాచీనులలో వైయాకరణులు ముఖ్యులు. పాణిని 'దానివంటిది' యను నర్థమునఁ బ్రతికృతివాచకములకుఁ గన్ ప్రత్యయమును విధించెను. గుఱ్ఱపుబొమ్మ 'అశ్వక' మగును. కాని జీవనార్థమై యుండి విక్రయింపఁబడని ప్రతిమల విషయమున నా ప్రత్యయమునకు లోపమును జెప్పెను. అట్టి శివప్రతిమ 'శివక' కాదు, 'శివ'యే. ఇది బొమ్మ యను సూచన శబ్దమునుండి తొలఁగిపోవుచున్నది. ఈ సూత్రముపైఁ బతంజలి యొక యాక్షేపమును లేవనెత్తి, మౌర్యులు ధనకాంక్షచేఁ బ్రతిమలను జేయించి రనియు, వాని యందీ సూత్రము వర్తింపకున్న వర్తింపకుండుఁ గాక, నేఁడు పూజయం దున్నవాని యందు వర్తించు ననియు సమాధానము చెప్పెను. దీనివలనఁ దేలిన దేమన, ప్రతిమ పేరు దాని యాకారమునుబట్టి గాక వినియోగమునుబట్టి యేర్పడును. రాయి యదియే, చెక్కడ మదియే. నిలిపినవాఁ డెవఁడు, ఏ ప్రయోజనమునకై నిలిపెను అనుదానినిబట్టి యర్థము మాఱును.

ప్రతిమకు రాజ్యముతోఁ గల సంబంధమును భాసుని ప్రతిమానాటకము చక్కఁగాఁ జూపుచున్నది. మేనమామ యింటినుండి యయోధ్యకు మరలివచ్చుచున్న భరతుఁడు పురము వెలుపలి ప్రతిమాగృహమును జొచ్చి, దిలీప రఘ్వజుల ప్రతిమల సరసఁ దన తండ్రి ప్రతిమను గాంచును. జీవించియున్నవారికిఁ బ్రతిమలు నిలుపరని దేవకులికునివలన విన్నంతనే దశరథుని మరణ మతనికిఁ దెలియవచ్చును. అచటఁ బ్రతిమ యలంకారము గాదు. ఒక పాలన ముగిసినదనియు, ఆ రాజు ఫలానా పరంపరలోఁ జేరెననియుఁ దెలుపు లేఖ్యము. శాసనములను బరిశోధించువారు విగ్రహములను గూడ శాసనములవలెఁ జదువుట కిదియే హేతువు.

ఇట్టి లేఖ్యములకు నిజమైన పరీక్ష విప్లవకాలమున వచ్చును. పరంపర తెగినపు డా వంశమువారి విగ్రహముల నేమి చేయవలెను? వాని స్థానమున నెవరిని నిలుపవలెను? ఫ్రాన్సుదేశమున 1792 వ సంవత్సరము ఆగస్టు మాసమున రాజు పదభ్రష్టుఁడైనపుడు పారిసు నగరమందలి పదునాలుగవ లూయీ మొదలగు రాజుల విగ్రహములు నేలఁ గూలఁద్రోయఁబడెను. అది చాలవఱకు జనుల యావేశము. కాని యేది కూల్పవలెను, ఏది యుంపవలెను, ఎవరిని నిలుపవలెను అను మూఁడు ప్రశ్నలకును బ్రభుత్వమే విధివాక్యము వ్రాసి, పట్టిక వేసి యుత్తరము చెప్పిన సందర్భము 1918 వ సంవత్సరమున రుష్యాదేశమున సంభవించినది. ఆ ప్రయత్నమున భావమునకును శిలకును గుదిరిన పొత్తెట్టిదో, అది యెంతకాలము నిలిచినదో విచారించుట చరిత్రకారులకు మిక్కిలి యుపయోగకరము.

ఏప్రిల్ మాసపు శాసనము

1917 వ సంవత్సరము మార్చి మాసమున రెండవ నికొలాస్ చక్రవర్తి సింహాసనమును విడిచెను. ఆ యేఁటనే నవంబరు 7 వ తేదీని బోల్షెవిక్కులు పెట్రోగ్రాడున నధికారమును గైకొనిరి. 1918 మార్చిలో రాజధాని మాస్కోకు మాఱెను. దేశమున నంతర్యుద్ధము రగులుకొనుచుండెను. నగరములందు రొట్టెకును వంటచెఱకునకును గఱవు. అట్టి కాలమున, ఏప్రిల్ 12 వ తేదీని, లెనిను అధ్యక్షుఁడుగా నున్న ప్రజాకమిస్సారుల సమితి విగ్రహములనుగూర్చి యొక శాసనమును వెలువరించెను.

దాని విషయ మిది. చక్రవర్తుల గౌరవార్థమును వారి సేవకుల గౌరవార్థమును నిలుపఁబడి, చరిత్రదృష్టిచేఁ గాని కళాదృష్టిచేఁ గాని విలువలేని విగ్రహములను వీథులనుండి తొలఁగింపవలెను. వానిలోఁ గొన్నిఁటిని గిడ్డంగులకుఁ జేర్పవలెను, కొన్నిఁటిని వేఱు పనుల కుపయోగింపవలెను. విప్లవస్మారకములకు నమూనాలను బోటీమీఁదఁ దెప్పింపవలెను. మే 1 వ తేదీ నాఁటికే కొన్ని పాత విగ్రహములు తొలఁగి, క్రొత్తవాని నమూనాలు జనుల యెదుట నిలువవలెను. పాత వ్రాతలును, చిహ్నములును, వీథుల పేళ్లును మాఱవలెను.

ఈ శాసనమున ఉత్సర్గమును వెన్నంటియే యపవాద మున్నది. విలువలేనివి తొలఁగవలె నన్నందున విలువగలవి నిలుచు నని యర్థాపత్తి. ఈ యపవాదము చేతనే పెట్రోగ్రాడునందలి మొదటి పీటరు చక్రవర్తి యశ్వారూఢవిగ్రహము బ్రదికినది. ఫాల్కొనే యను ఫ్రెంచి శిల్పి నిర్మించిన యా విగ్రహము 1782 వ సంవత్సరమున నావిష్కృతమైనది. దాని పీఠముపై రుష్యన్ భాషలో నొకవైపును, లాటిన్ భాషలో నొకవైపును 'మొదటి పీటరునకు రెండవ కాతరిన్' అని యున్నది. క్రియాపదము లేదు. సంప్రదానము, కర్త, ఇంతే. జర్మనీలోఁ బుట్టి, కోడలుగా వచ్చి, భర్తను ద్రోసిపుచ్చి సింహాసన మెక్కిన కాతరిన్ రాణి యా చిన్న వాక్యముచేఁ బీటరునకుఁ దానే యుత్తరాధికారిణి నని చాటుకొనినది. కావున రాజకీయభావమును శిలలపై నిలుపుట విప్లవకారులు క్రొత్తగాఁ గనిపెట్టిన విద్య కాదు. వారు మార్చినది యా వాక్యమందలి కర్తను, సంప్రదానమును.

మాస్కో నగరమున 1912 లో నావిష్కృతమైన మూఁడవ అలెగ్జాండరు చక్రవర్తి విగ్రహ మపవాదమునకు లోఁబడలేదు. 1918 లోనే తొలఁగింపఁబడెను. పెట్రోగ్రాడున నా చక్రవర్తికే త్రుబెత్స్కోయి యను శిల్పి నిర్మించిన కంచువిగ్రహము మాత్రము చాలకాలము కదలక నిలిచెను. విప్లవానంతరము దాని పీఠముపైఁ జక్రవర్తిని బరిహసించు పద్య మొకటి చెక్కఁబడెను. భక్తితో నిలుపఁబడిన విగ్రహము అక్షరము మాఱినంతనే యెగతాళికిఁ బాత్రమైనది. లోహమున నొక్క రవ్వయు మాఱలేదు. పతంజలి చెప్పిన వినియోగభేదమున కింతకంటె స్పష్టమైన యుదాహరణము దుర్లభము. 1937 లో నది వీథినుండి తొలఁగింపఁబడి, 1994 నుండి యా నగరమందే పాలరాతిమేడ ముంగిట నున్నది.

ఇంకొక యుదాహరణము క్రెమ్లిను కోటలోనిది. 1905 వ సంవత్సరము ఫిబ్రవరిలోఁ జక్రవర్తి పినతండ్రియగు సెర్గేయి ప్రభువును గాల్యాయెవు అను విప్లవకారుఁడు బాంబుతోఁ జంపెను. ప్రభువు మరణించిన చోట నొక శిలువ నిలుపఁబడెను. 1918 మే 1 వ తేదీని ఆ శిలువను బడఁద్రోయునపుడు లెనిను స్వయముగాఁ ద్రాడు పట్టెనని యప్పటి క్రెమ్లిను రక్షకాధికారి తన జ్ఞాపకములలో వ్రాసినాఁడు. మూఁడు మాసములు గడచునప్పటికి స్మారకమునకు దగినవారి పట్టికలోఁ గాల్యాయెవు పేరు చేరినది. సంఘటన యొక్కటియే. నిన్నటివఱకు హతుఁడు స్మరణీయుఁడు, నేఁడు హంత స్మరణీయుఁడు.

సూర్యనగరము

ఈ యూహకు మూల మేమి యను ప్రశ్నకు విద్యాశాఖ కమిస్సారుగా నుండిన లూనచార్‌స్కీ తన జ్ఞాపకములలో నుత్తర మిచ్చినాఁడు. ఇటలీదేశపు డొమినికన్ సన్న్యాసి కంపనెల్లా 1602 వ సంవత్సరమున నేపుల్సు చెఱసాలలో నుండి 'సూర్యనగరము' అను గ్రంథమును రచించెను. అందొక యాదర్శనగరము వర్ణింపఁబడినది. దానికి ఏడు ప్రాకారములు. ఆ గోడలపైఁ దారలు, లోహములు, ఓషధులు, జంతువులు, యంత్రములు, ధర్మకర్తలు, సకలవిద్యలును జిత్రింపఁబడి యుండును. బాలు రా గోడలవెంటఁ దిరుగుచు నాటలాడుచునే శాస్త్రములను నేర్చుకొందురు. లెని నీ గ్రంథమును దలఁచుకొని, రుష్యాదేశపు శీతలవాయువులకుఁ గుడ్యచిత్రములు నిలువవు గావున వానికి బదులుగా విగ్రహములును, చిన్న వ్రాతలు గల ఫలకములును నగరములందుఁ బెట్టింపవలె నని లూనచార్‌స్కీతోఁ జెప్పెనఁట.

ఇందు గమనింపవలసినవి రెండు గలవు. మొదటిది: లెనిను శాశ్వతత్వమును గోరలేదు. సున్నపుముద్దయైనను, కాంక్రీటైనను జాలు; నేఁడు జనుల కంటఁబడవలెను; ప్రతి యావిష్కరణమును నొక పండుగయుఁ బాఠమును గావలెను; ఉపన్యాసము జరుగవలెను. శాశ్వతముగా నిలుపవలసినవానిని దరువాతఁ జూచుకొనవచ్చును. అనఁగా విగ్రహ మతని దృష్టిలోఁ బూజాద్రవ్యము గాదు, పాఠ్యపుస్తకము. చదువురానివారు కోట్లకొలఁదిగా నున్న దేశమునఁ గూడలియే బడి.

రెండవది: కంపనెల్లా నగరమున నెవనికిని మరణమునకు ముందు విగ్రహము నిలుపరు. ఘనకార్యము చేసినవాని పేరు జీవితకాలమునఁ బుస్తకమున నెక్కును గాని శిలకెక్కదు. భాసుని దేవకులికుఁడు చెప్పిన నియమమును, ఇటలీ సన్న్యాసి విధించిన నియమమును నొక్కటియే. జీవించియున్నవాని చరిత్ర ముగియలేదు. ముగియని వాక్యమునకు నర్థనిర్ణయము చేయరాదు.

అఱువది యాఱు పేళ్లు

1918 జూలై 30 వ తేదీని ప్రజాకమిస్సారుల సమితి స్మారకార్హుల పట్టికను బరిశీలించెను. ఆగస్టు 2 వ తేదీని అది 'ఇజ్వెస్తియా' పత్రికలోఁ బ్రకటితమైనది. అందు 66 పేళ్లు గలవు. విప్లవకారులును బ్రజానాయకులును 31 మంది, కవులును రచయితలును 20 మంది, తత్త్వవేత్తలును శాస్త్రజ్ఞులును 3, చిత్రకార శిల్పి వాస్తువేత్తలు 7, సంగీతకర్తలు 3, నటులు 2.

మొదటి పేరు స్పార్టకసుది. రోమురాజ్యమున బానిసల తిరుగుబాటును నడపినవాఁడు. తరువాత తిబేరియస్ గ్రాకస్, బ్రూటస్. ఆ వెనుక బబూఫ్, మార్క్సు, ఎంగెల్సు, మారా, రోబెస్పియరు, దాంతోను, గరిబాల్డి మొదలగువారు. రుష్యనులలో రైతుల తిరుగుబాటు నాయకుఁడు స్తెపాన్ రాజిను మొదలుకొని 1918 లోనే మరణించిన ప్లెహానోవు, వొలొదార్‌స్కీలవఱకు. తామ్రశాసనములను జదివినవారి కీ క్రమము క్రొత్త గాదు. దాత పేరు చెప్పుటకు ముందు బ్రహ్మను, చంద్రుని, పురూరవుని మొదలుకొని వంశావళిని జెప్పుట శాసనరచనాసంప్రదాయము. క్రొత్త ప్రభుత్వమునకుఁ బుట్టుకచే వచ్చిన వంశము లేదు గావున నది భావవంశమును గల్పించుకొనినది. స్పార్టకసు దాని చంద్రుఁడు.

అయినను ఈ పట్టిక వట్టి వంశావళి గాదు. దాని గౌరవమంతయు రెండవ భాగమున నున్నది. టాల్‌స్టాయి హింసను నిరసించినవాఁడు. దోస్తొయేవ్‌స్కీ విప్లవకారులను దన నవలలలోఁ దీవ్రముగా ఖండించినవాఁడు. ఆంద్రేయి రుబ్లెవు దేవతాపటములను లిఖించిన సన్న్యాసి. త్యూత్చెవు చక్రవర్తి కొలువులో నుద్యోగి. వీరందఱును పట్టికలోఁ గలరు. షొపెను పోలెండువాఁడు, షెవ్చెంకో యుక్రెయిను కవి. ఒక్క తత్త్వవేత్త, వ్లదీమిరు సొలొవ్యోవు, పేరు మాత్రము సమితి కొట్టివేసినది. తమతో నేకీభవింపనివారిని గూడ జనుల గురువులనుగా నంగీకరించుట విప్లవకాలమున నరుదైన యౌదార్యము. పట్టికలోనివా రందఱును మృతులే. లెనిను పేరు లేదు, అతని సహచరులలో జీవించియున్నవారి పేళ్లు లేవు. భాసుని నియమ మక్షరాల పాటింపఁబడినది.

కూలిన పాఠములు

మొదటి విగ్రహము 1918 సెప్టెంబరు 22 వ తేదీని పెట్రోగ్రాడున నావిష్కృతమైనది. అది రదీష్చెవుది. 1790 లో నతఁడు పీటర్స్‌బర్గునుండి మాస్కోకుఁ జేసిన ప్రయాణమును వర్ణించు మిషతో రైతుల దాస్యమును దూషించి గ్రంథము వ్రాయఁగాఁ గాతరిన్ రాణి ప్రభుత్వ మతనికి మరణశిక్ష విధించి, పిదప దానిని సైబీరియా ప్రవాసముగా మార్చెను. ఆ రాణి నివసించిన శీతకాలపు రాజభవనము ప్రక్కనే, ఉద్యానపు ప్రహరి విఱిగిన చోట, షెర్వుదు అను శిల్పి చేసిన రదీష్చెవు ప్రతిమ నిలిచెను. స్థలమే సగము వ్యాఖ్యానమును జెప్పినది. 1919 జనవరిలో గాలివాన కా ప్రతిమ కూలిపోయెను.

మాస్కోలో అలెగ్జాండరు ఉద్యానమున సందొమీర్‌స్కయా యను శిల్పిని చేసిన రోబెస్పియరు విగ్రహము నవంబరు 3 వ తేదీని ఆవిష్కృతమై, నాలుగు రోజులు గడవకముందే, వార్షికోత్సవమునకు ముందటి రాత్రి ముక్కలయ్యెను. అది కాంక్రీటుతోఁ జేయఁబడినది. తడి పూర్తిగా నాఱని కాంక్రీటు రంధ్రములలోని నీరు మంచుగా మాఱునపుడు వ్యాకోచించి లోపలినుండి బీటలు వాఱఁజేయును. కంచు లేదు, కాలము లేదు, శీతకాలము ముంచుకొని వచ్చుచుండెను. నవంబరు 7 వ తేదీని లెనిను మాస్కోలో మార్క్సు ఎంగెల్సుల విగ్రహమును స్వయముగా నావిష్కరించి యుపన్యసించెను. అదియుఁ దాత్కాలికమే. మార్క్సునకు మాస్కోలో శాశ్వత స్మారకమునకై 1920 మే 1 వ తేదీని లెనిను శంకుస్థాపన చేసెను గాని, కెర్బెలు అను శిల్పి చెక్కిన గ్రానైటు విగ్రహ మావిష్కృతమగునప్పటికి 1961 వచ్చెను.

కొన్నిఁటిని గాలియుఁ జలియుఁ గూల్చెను, కొన్నిఁటిని జనాభిప్రాయము గూల్చెను. బకూనినునకుఁ గొరొల్యోవు అను శిల్పి క్యూబిస్టు పద్ధతిలో, కోణములును దలములును బెనవైచుకొనినట్లుగా, విగ్రహమును జేసెను. పీఠముమీఁదిది మనుష్యుఁడో యంత్రమో చూపఱులకుఁ దెలియరాలేదు. నిరసనలు రేఁగఁగా నది త్వరలోనే తీసివేయఁబడెను. పెట్రోగ్రాడున సోఫియా పెరొవ్‌స్కయా ప్రతిమకు నిదే గతి పట్టినది. ఇచట నొక మౌలికమైన విరోధము గానవచ్చును. క్రొత్త భావమునకుఁ గ్రొత్త రూపము గావలె నని శిల్పు లనిరి. పాఠము చదువరికిఁ దెలియవలెఁ గదా యని ప్రభుత్వ మనెను. అప్రసిద్ధ పదప్రయోగము వలనఁ గావ్యమునకు వచ్చు దోష మట్టిదే. అర్థము గొప్పదైనను సంకేతము లోకమున లేనపుడు శబ్దము చెవిఁ జేరును గాని బోధ కలుగదు. ఆ విరోధమునకుఁ బరాకాష్ఠ తత్లిను అను కళాకారుని మూఁడవ ఇంటర్నేషనలు స్మారకము. 400 మీటర్ల యెత్తున నుక్కుచట్రమును, దానిలోపల నేఁటి కొకసారి, నెల కొకసారి, దినమున కొకసారి తిరుగు గాజుమందిరములును గట్టవలె నని యతఁడు సంకల్పించెను. 1920 నవంబరులో నమూనా మాత్రము ప్రదర్శితమైనది. ఉక్కు లేని దేశమున నది నమూనాగానే నిలిచినది.

ఆ దినములలో నిలువఁబడినవానిలో నేఁటికిని జూడఁదగినవి కొన్ని కలవు. మెర్కూరొవు అను శిల్పి చేసిన దోస్తొయేవ్‌స్కీ విగ్రహ మందు ముఖ్యము. అది విప్లవమునకు ముందే గ్రానైటున చెక్కఁబడి శిల్పియొద్ద నుండెను. 1918 లో మాస్కో కూడలిలో నిలుపఁబడి, 1936 లో నా రచయిత జన్మించిన వైద్యశాల ముంగిటికి మార్పఁబడెను. విప్లవమునకు బోధకులుగాఁ గోరఁబడినవారి ప్రతిమలు పలువురివి మట్టిలోఁ గలియఁగా, విప్లవమును శంకించినవాని ప్రతిమ నిలిచినది. దీనిలో దైవఘటనను వెదకఁ బనిలేదు. గ్రానైటు గ్రానైటే.

ఒక కూడలి చరిత్ర

భావము మాఱినకొలఁదిని శిల యెట్లు మాఱెనో తెలియుటకు మాస్కోలోని త్వెర్‌స్కయా వీథియందలి యొక్క కూడలి చాలును. 1912 లో నచట స్కోబెలెవు సేనాపతి యశ్వారూఢవిగ్రహము నిలిచెను. 1877-78 నాఁటి తురుష్కయుద్ధమునఁ బ్రసిద్ధికెక్కిన సేనాని యతఁడు. 1918 మే 1 నాఁటికి నది తొలఁగింపఁబడెను. ఆ యేఁటి నవంబరులో నా చోట సోవియట్టు రాజ్యాంగస్తంభము లేచెను. జూలైలో నంగీకరింపఁబడిన రాజ్యాంగపు వాక్యములు దానిపై ఫలకములుగా నుండెను. 1919 లో అంద్రెయెవు అను శిల్పి చేసిన స్వాతంత్ర్యదేవతా ప్రతిమ యా స్తంభమునకుఁ జేరెను. సేనాని స్థానమున శాసనవాక్యము. వ్యక్తి స్థానమున ధర్మము. పట్టికకంటెను నిది విప్లవభావమునకు నిర్మలమైన రూపము.

ఈ స్తంభము 1941 లోఁ గూల్పఁబడెను. ప్రతిమ శిరస్సు మాత్రము త్రెత్యకోవు చిత్రశాలలో భద్రపఱుపఁబడినది. 1954 లో నా చోటనే యూరీ దొల్గొరూకి యను రాజు గుఱ్ఱముపై నెక్కెను. 1147 లో మాస్కో పేరు మొట్టమొదట నెవని సందర్భమున గ్రంథస్థమైనదో యా ప్రభు వతఁడు. గుఱ్ఱపుసేనాని పోయి రాజ్యాంగము వచ్చెను. రాజ్యాంగము పోయి గుఱ్ఱపురాజు వచ్చెను. రెండవ మార్పు చక్రవర్తుల పక్షమువారు చేసినది గాదు; విప్లవప్రభుత్వమే చేసినది. 36 సంవత్సరములలో నా ప్రభుత్వము తనకు మూలపురుషుఁడు స్పార్టకసు గాఁడు, మాస్కో రాజని చెప్పుకొనఁదొడఁగినది. పత్రికలలోని సిద్ధాంతవాక్యములు మాఱకపోయినను, వంశావళి మాఱిన సంగతిని గూడలి చెప్పుచున్నది.

పలువురినుండి యొక్కఁడు

1924 జనవరి 21 వ తేదీని లెనిను మరణించెను. తన భర్త పేరిట విగ్రహములు, మేడలు కట్టవల దనియు, అతని స్మృతి నాదరింపఁ గోరువారు బాలవాటికలను, బడులను, గ్రంథాలయములను, వైద్యశాలలను నెలకొల్పవలె ననియు నతని భార్య క్రూప్‌స్కయా యా నెలలోనే 'ప్రావ్‌దా' పత్రికలో జనులకు విన్నవించెను. విన్నపము వ్యర్థమైనది. 1926 నవంబరు 7 వ తేదీని లెనిన్‌గ్రాడున ఫిన్లండు రైలుస్టేషను ముంగిట లెనిను విగ్రహ మావిష్కృతమైనది. తరువాత నట్టివి వేలకొలఁది లేచినవి. విదేశములకును వ్యాపించినవి, తెలుఁగునాట విజయవాడయందును లెనిను పేరిట నొక కూడలియు నం దతని విగ్రహమును గలవు.

స్టాలినుకాలమున భాసుని నియమము పూర్తిగాఁ దప్పినది. అతఁడు జీవించియుండఁగనే యతని విగ్రహములు దేశమంతటను, ఆ ప్రాబల్యమునకు లోఁబడిన దేశములందును నిలుపఁబడెను. బుడాపెస్టు నగరమున 1951 లో నిలుపఁబడిన విగ్రహమును 1956 అక్టోబరు 23 వ తేదీని జనులు కూల్పఁగాఁ బీఠముపైఁ బాదరక్షలు మాత్రము మిగిలినవి. ప్రాగు నగరమున 1955 లో నావిష్కృతమైన మహావిగ్రహము 1962 లో మందుపెట్టి పేల్చివేయఁబడినది. మాస్కోలో విప్లవరక్షక పోలీసు నధికారి జెర్జీన్‌స్కీ విగ్రహము 1958 లో నిలిచి, 1991 ఆగస్టులోఁ దొలఁగినది. దోస్తొయేవ్‌స్కీని జెక్కిన మెర్కూరొవే చేసిన లెనిను విగ్రహము 1946 నుండి కీవు నగరమున నిలిచి, 2013 డిసెంబరు 8 వ తేదీని గూల్పఁబడెను. చేయి యొక్కటియే, నేర్పు నొక్కటియే. ఒకటి చదువరుల యాదరముచే నిలిచినది, ఒకటి ప్రభుత్వపుఁ గావలితో నిలిచి యది తొలఁగఁగానే పడినది.

సున్నపు విగ్రహములు కొన్ని మాసములే యుండెను. కంచు విగ్రహము లేఁబది, అఱువది యేండ్లుండెను. అయినను మొదటివి ప్రశ్నకు జవాబు చెప్పినవి: ఇతఁ డెవఁడు, ఏమి చేసెను, ఏల స్మరింపవలెను? వేయిచోట్ల నొక్కని రూపమే యున్నపు డా ప్రశ్న నడుగువాఁ డుండఁడు. అర్థ మందఱికిని దెలిసినదే యైనపుడు వాక్యము చదువఁబడదు. పాఠము పోయి చిహ్నము మిగులును. అపుడు విగ్రహము పాలకుని సంతకమువంటి దగును. పాలకుఁడు మాఱిననాఁడు చెఱిపివేయఁబడుటయే దానికి గతి.

రెండుసారులు చెఱుపఁబడిన శిల

అలెగ్జాండరు ఉద్యానమునందలి గ్రానైటు స్తంభము చరిత్ర యీ విషయమునకు నుపసంహారముగా నున్నది. రొమానోవు వంశము సింహాసన మెక్కి మున్నూఱేండ్లు నిండిన సందర్భమున నది 1914 లో నిలుపఁబడెను. దానిపై నా వంశపుఁ జక్రవర్తుల పేళ్లు చెక్కఁబడి, శిఖరమున రెండుతలల గ్రద్ద యుండెను. 1918 లో గ్రద్ద తీసివేయఁబడి, పేళ్లు చెఱుపఁబడి, వాని స్థానమున 19 మంది భావుకుల పేళ్లు చెక్కఁబడెను. మార్క్సు, ఎంగెల్సు మొదలుకొని థామస్ మోరు, ఫూరియే, బకూనిను, ప్లెహానోవు వఱకు. అందుఁ గంపనెల్లా పేరును గలదు. గోడలపై విద్యలను జిత్రించిన నగరము నూహించిన చెఱసాలసన్న్యాసి పేరు మున్నూఱేండ్లకుఁ బిదప, ఆ యూహనుబట్టి పుట్టిన శిలాఫలకముపై నెక్కినది. 66 పేళ్ల పట్టికలో నతఁడు లేఁడు, స్తంభమున నున్నాఁడు.

1966 లో నా స్తంభము ఉద్యానముననే వేఱొక తావునకు మార్పఁబడెను. 2013 లో, రొమానోవు వంశపు నన్నూఱవ సంవత్సరమున, దానిని విప్పి, 19 పేళ్లను దొలఁగించి, చక్రవర్తుల పేళ్లను మరలఁ జెక్కి, గ్రద్దను మరల నిలిపిరి. దీనిని బునరుద్ధరణ మందురు. కాని పరిశోధకుని దృష్టిలోఁ బునరుద్ధరింపఁబడిన దేది, పోయిన దేది? 1914 నాఁటి వ్రాత 1918 లోనే పోయినది. 2013 లోఁ జెక్కినది 2013 నాఁటి వ్రాత. పోయినది 1918 నాఁటి ప్రథమలేఖ్యము. 95 సంవత్సరములు నిలిచిన శాసనము. ఒక రాజు తన పూర్వుని శాసనమును గీఁకి తన శాసనమును వ్రాయించుకొన్న శిలలు దొరకినపుడు, పైవ్రాతను జదివి, క్రిందివ్రాత జాడలనుగూడఁ జదువఁ బ్రయత్నించుటయే శాసనపరిశోధకుల ధర్మము. పైదానిని గీఁకి క్రిందిదానిని మరల వ్రాయుట పరిశోధన గాదు, మఱియొక ప్రశస్తి.

కావున 1918 నాఁటి ప్రయత్నమును విచారించునపుడు రెండు తీర్పులు వేర్వేఱుగాఁ జెప్పవలసియున్నది. కూల్చుట విషయమున నా ప్రభుత్వము తాను వ్రాసికొన్న యపవాదమును గొంత పాటించినది, కొంత తప్పినది. నిలుపుట విషయమున, తమ వాదమున కెదురైనవారినిగూడ గురువులుగా నంగీకరించి, బ్రదికియున్నవారిని వెలిగా నుంచి, శాశ్వతత్వమును గోరక పాఠమును గోరిన కొలఁది మాసముల కాలము దానికిఁ గీర్తికరము. ఆ గుణము తప్పిన పిమ్మట విగ్రహములు పెరిగినవి, అర్థము తఱిగినది.

పాణిని ప్రత్యయలోపమును విధించినది వినియోగమునుబట్టియే. పేరునుండి బొమ్మ యను భావము తొలఁగవలె నన్నచో వెనుక నాదరము నిలిచియుండవలెను. ఆదరము లేనిచోఁ బ్రత్యయము మరల వచ్చును. నాయకుఁడు నాయకుని బొమ్మయే యగును. అట్టి బొమ్మలను గూల్చుట సులభము, మరల నిలుపుటయు సులభము. ఎవరు నిలిపిరో, ఎవరు చెఱిపిరో, ఏ తేదీని ఏ వ్రాతను మార్చిరో తప్పులేకుండ నెత్తివ్రాసి యుంచుట మాత్రమే కష్టము. చరిత్రకారునకుఁ జెల్లిన పని యదియే.